ఎడమ పక్క బంతి

మ్యాచ్‌లో అవతలి జట్టు బోగుమిల్ కొట్టిన బంతి ముఖానికి తగిలిన కొద్ది రోజులకు ఒఫీలియా బరగాన్ ఎడమ కంట్లో తెర దిగడం మొదలైంది. ముందు మెరుపులు, తర్వాత మసి నలుసులు, ఆ తర్వాత కంటి మూల నుంచి నల్లటి నీడ. పొద్దున లేస్తూనే కుడి కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండర్ చూసేది. నిన్న కనబడిన ఆదివారాలు ఇవాళ కనబడేవి కావు. మంచం మీదే కూలబడేది.

"ఆట మానెయ్యి. ఇంకో దెబ్బ తగిలితే ఆ కంటి మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడు డాక్టరు. "సీజన్ అయ్యాక ఆపరేషనుకి వస్తా," అని చెప్పి వచ్చేసింది. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

ఎలా చెబుతుంది? ఆడామగా కలిసి ఒకే జట్టులో, జీతం తీసుకుని వాలీబాల్ ఆడే లీగ్ అది. పెట్టిన కొత్తలో జనం సర్కస్ చూడటానికి వచ్చినట్టు వచ్చారు. నలుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. నెట్ మగవాళ్ల ఎత్తులో ఉంటుంది. ఎవరి చోటు వాళ్లదే. మగవాళ్లు ముందు నిలబడి ఎగిరి కొడతారు, ఆడవాళ్లు వెనక నిలబడి ఆ దెబ్బలు ఎత్తుతారు. బలహీనమైన చోట కొట్టడం ఆట ధర్మం కాబట్టి అవతలివాళ్ల బంతులన్నీ ఆడవాళ్ల మీదికే వచ్చేవి. ఒఫీలియా వాటిని ఎత్తుతుంటే నవ్వడానికి వచ్చిన సొంతూరు బేకర్స్‌ఫీల్డ్ జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. వాళ్లమ్మ పక్క ఊరు డెలానోలో ద్రాక్ష ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తుంది. ఈ ఆట లేకపోతే ఒఫీలియాకూ ఆ షెడ్డే గతి.

కోర్టులో ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలని రూలు. ఒకరు తగ్గితే మ్యాచ్ అవతలివాళ్లది. జట్టులో మూడో ఆడపిల్ల మెల్వా మోకాలు విరిగి ఇంటికి పోయింది. ఇంకొకరిని తెస్తానని యజమాని చెబుతూనే ఉన్నాడు. మిగిలింది ఒఫీలియా, డార్లా. డార్లా నూనె బావుల దగ్గర పుట్టి పెరిగిన పొడుగాటి పిల్ల, నోరు పెద్దది. ఈమధ్య కార్ల దాకా నడిచేటప్పుడు ఎప్పుడూ ఒఫీలియాకు ఎడమ పక్కే నడిచేది. మనిషి కనబడకుండా గొంతొక్కటే వినబడితే ఒఫీలియా ఉలిక్కిపడేది.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు అదిరిపడతావు?" అనేది డార్లా.

"నీ గొంతు వింటే దెయ్యాలే అదిరిపడతాయి," అనేది ఒఫీలియా. నవ్వేసేది.

బోగుమిల్ జట్టు కొలరాడో నుంచి మళ్లీ వచ్చింది. బోగుమిల్ పోలండ్ వాడు. మాట తక్కువ, చెయ్యి మాత్రం సమ్మెట. ముందు రాత్రి ఒఫీలియాకు కునుకు పట్టలేదు. అయినా ఒక లెక్క వేసుకుంది. తను నిలబడేది వెనక ఎడమ మూల. బోగుమిల్ కొట్టేది తనకు కుడి పక్క నుంచి. మంచి కంటికి ఎదురుగానే వస్తుంది బంతి. ఎత్తగలదు.

ఆ లెక్క చాలాసేపు తప్పలేదు. చేతులు కమిలిపోతున్నా ఎత్తింది. ఆఖరి సెట్టులో అవతలి కోచ్ బోగుమిల్‌ని రెండో కొసకు మార్చాడు.

ఇప్పుడు వాడు సరిగ్గా నల్లతెర వెనక ఉన్నాడు. బూట్ల చప్పుడు వినబడుతోంది, మనిషి లేడు. వాళ్ల లిఫ్టర్ వాడు కొట్టడానికి బంతి లేపాడు. అది గాల్లో సగం దూరం వెళ్లి మాయమైంది. భయంతో ఒఫీలియా తల మొత్తం తిప్పేసింది, గింజను ఒంటి కంటితో చూసే కోడిలాగ. అప్పుడు కనబడ్డాడు, గాల్లో, చెయ్యెత్తి, ఆమె ముఖంలోకే చూస్తూ.

ఆ చెయ్యి సడలిపోయింది. బంతి మెత్తగా వచ్చి గీత అవతల పడింది.

హాలు దద్దరిల్లింది. ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్ బేకర్స్‌ఫీల్డ్‌ది. బోగుమిల్ మాత్రం నెట్ దగ్గరికొచ్చి, తన ఎడమ కంటి కింద వేలుపెట్టి చూపించి, ఏమైంది అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. పాపం, జాలిపడ్డాడు. ఆ జాలే కొంప ముంచింది. వాడి పక్కనున్న కెప్టెన్ ఆ వేలును చూశాడు, తర్వాత ఒఫీలియాను చూశాడు. బోగుమిల్‌ని వెనక్కి నెట్టి ఆ కొసన తనే నిలబడ్డాడు. లిఫ్టర్ చెవిలో ఏదో చెప్పాడు.

వచ్చే బంతి ఎక్కడికో ఆమెకు తెలిసిపోయింది. ఏదో చీకటి గదిలోకి ఎవరో తోస్తున్నట్టనిపించింది.

"డార్లా," అంది గొంతు తగ్గించి, "నాకు ఎడమ పక్క కనబడటం లేదే."

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"క్లినిక్ బయట నీ కారు చూసిన రోజు నుంచి. ఎడమ పక్క ఎవరొచ్చినా గుద్దుకుంటున్నావు. మన కోచ్‌కీ తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

డార్లా కళ్లు దించుకుంది. "నువ్వు పోతే జట్టు లేదే. జట్టు లేకపోతే నేను మాత్రం ఎక్కడికి పోను? భయమేసింది."

ఒఫీలియాకు కోపం రాలేదు. తను దాచింది కూడా ఆ భయంతోనే. ఇన్నాళ్లూ అందరూ తలా ఒక చెయ్యి వేసి ఆమెను ఆ మూలనే నిలబెట్టారు, వాళ్లలో తనూ ఒకతె. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యెత్తి, గీత దాటి బయటికి నడిచింది.

కోచ్ హార్లన్ ఎదురొచ్చి భుజాలు పట్టుకున్నాడు. "అమ్మాయ్, ఒక్క బంతి! ఇంకొక్క బంతికి ఓర్చుకో తల్లీ!"

"ఒక్క బంతి చాలు కోచ్, నా కన్ను పోవడానికి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

మ్యాచ్ పోయింది. చప్పట్లు కొట్టిన జనమే కాగితం కప్పులు విసిరారు. ఎడమ నుంచి వచ్చినవి తగిలేదాకా ఆమెకు తెలియలేదు. మరుసటి వేసవికి లీగే లేదు. కుర్చీలు నిండక మూతపడిందని పేపర్లు రాశాయి. బేకర్స్‌ఫీల్డ్ బార్లలో మాత్రం కొన్నాళ్లు ఒఫీలియా వల్లే అన్నారు.

ఆపరేషన్ చేసి రెండు కళ్లకీ కట్లు కట్టారు. చూపు ఉందో లేదో కట్టు విప్పేదాకా చెప్పలేమన్నారు. ఆ చీకట్లో ప్రతి చప్పుడుకీ బంతి వస్తున్నట్టే తల పక్కకు తిప్పుకునేది. ఒకరోజు తలుపు చప్పుడైంది. మంచానికి ఎడమ పక్క ఎవరో కుర్చీ లాగారు.

"ఎవరు?" అంది హడలిపోయి.

"నేనేనే, డార్లాని."

"అటు ఎందుకు కూర్చున్నావు?"

"అలవాటైపోయింది," అంది డార్లా. ఏడుస్తోందని గొంతులో తెలుస్తోంది. "చెప్పే ధైర్యం లేక, నీకేమీ తగలకుండా ఈ పక్కనే నడిచాను."

ఒఫీలియా ఎడమ చెయ్యి చాచి, చీకట్లో తడుముకుంటూ, డార్లా చేతిని వెతికి పట్టుకుంది.

"రేపు కట్టు విప్పుతారు," అంది. "అక్కడే కూర్చో. కదలకు."