ధర్మపురి దాకా రాని గోదావరి

చదువు కళ్లతో చేసే పనే కావచ్చు. కానీ నాచారంలో మా గల్లీవాళ్లు దాన్ని చెవులతోనే కొలిచేవారు. తెల్లారకముందే ప్రతి రేకుల ఇంట్లోంచీ ఎవరో ఒకరు గొంతు చించుకునేవారు. ఎవరి గొంతు వీధి చివరి నల్లా దాకా వినబడితే వాళ్లు బాగా చదివే పిల్లల కింద లెక్క. తల్లుల్లో చాలామందికి అక్షరం ముక్క రాదు. అందుకని బిందె నిండేలోపల చెవులు రిక్కించి విని, మార్కులు వాళ్లే వేసేసేవారు. సార్లు వేసే మార్కులు ఆ తర్వాతి సంగతి.

ఈ పద్ధతిలో సాలమ్మ కూతురు దీపకు ఎప్పుడూ సున్నాయే. పదో తరగతి పిల్ల, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పెదవి కదపకుండా, కిటికీలోంచి మౌలాలి గుట్ట మీది మబ్బుల్ని చూస్తూ కూర్చునేది. చూడటానికి సోమరిలా ఉండేది గానీ, ఒక్క వాక్యం చదివితే చాలు, అందులోకి దిగిపోయేది. ఆకు ఎండతో తన అన్నం తానే వండుకుంటుందని చదివిన రోజు ఆ ఆకులోనే తిరిగింది. పచ్చటి వెలుతురు, ఎక్కడో నీళ్లు పైకి ఎక్కుతున్న చప్పుడు. గాలి ఇటు తిరిగి బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన మోసుకొస్తే, ఆ వంట వాసనే అనుకుంది. పిచ్చి పిల్ల. అలాంటి పిచ్చి అందరికీ పట్టదు.

ఒకనాడు నల్లా దగ్గర వెంకటనర్సమ్మ అననే అనేసింది. "సాలమ్మా, మీ పిల్ల సదువుతున్నదా, పండుకుంటున్నదా? సప్పుడే లేదు!"

సాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ పని చేస్తుంది ఆమె. పొద్దంతా నిలబడి కాళ్లు వాచి ఇంటికొచ్చే మనిషి. బిడ్డ చదువు దండగవుతోందంటే ఎవరికి మాత్రం మండదు?

"ఎండకాలంల మా ప్యాకింగ్‌ల కొత్తోళ్లను తీస్కుంటరంట," అంది ఇంటికి రాగానే. "ప్రీఫైనల్ దాకా సూస్త. నోరు తెరిచి సదివితే సరే. లేకుంటే సదువు బంద్. నాతోని నడువు."

దీప భయపడింది. మర్నాటి నుంచి నిజాయితీగానే గట్టిగా చదివి చూసింది. ఆకు పోయింది, ఎండ పోయింది, చెవుల్లో తన గోల ఒక్కటే మిగిలింది. గంటసేపు అరిచినా బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కలేదు. ఇలాగైతే చదువూ రాదు, ఫ్యాక్టరీ తప్పదు అనుకుని ఏడుపొచ్చింది. చివరికి ఒక ఉపాయం తోచింది. నోటిని ఒక పాఠానికి అప్పగించి, కళ్లను ఇంకో పాఠం మీద పెట్టింది. గోదావరి పాఠంలో మొదటి పేజీ ఆమెకు ఎప్పుడో కంఠతా వచ్చేసింది. ఇంకేం, లెక్కలు చేస్తున్నా, సైన్సు చదువుతున్నా నోరు మాత్రం "గోదావరి నది పడమటి కనుమలలో నాసిక్ సమీపాన పుట్టి" అంటూ దాని దారిన అది పోయేది. పేజీ అయిపోగానే మళ్లీ పుట్టేది.

గల్లీ మురిసిపోయింది. సాలమ్మ అయితే రొట్టెలు చేస్తూ చేస్తూ, గోదావరి పేరు వినగానే పిండి చేతులతోనే ఆగిపోయేది. పెనం మీద రొట్టె మాడినా పట్టేది కాదు.

ప్రీఫైనల్ రేపనగా, పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. మెట్రో పని కోసం ఉప్పల్ రోడ్డు తవ్వుతున్న రోజులవి. ఎర్రటి దుమ్ము మేఘంలా లేచి, గల్లీ అంతా కలలో కనబడే ఊరిలా ఉంది. గడపలో కూర్చున్న దీప నోట్లో గోదావరి మళ్లీ పుట్టింది.

సాలమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "ఒక మాట అడుగుత, కోపం జేయకు బిడ్డా. సదివేటోళ్లను నడుమల ఆపొద్దని ఇన్నొద్దులు ఊకున్న. మీ గోదారి రోజు గా నాసిక్ కాడ్నే పుడ్తది. మా తల్లిగారి ధర్మపురి కాడికి ఎప్పుడొస్తది? ఇగొస్తది, అగొస్తది అని సూస్తనే ఉన్న."

దీప తల వంచుకుని ఉన్నదంతా చెప్పేసింది.

"గింత మోసమా!" సాలమ్మ చెయ్యి ఎత్తింది.

"ఒర్లితే నాకు ఏమొస్తలేదమ్మా! సప్పుడు లేకుంట సదివితేనే ఆడికి పోత."

"ఏడికి?"

"ఏది సదివితే ఆడికి. గోదారి సదివితే గోదారికి."

ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. "అయితే నన్ను గూడ తోల్కపో," అంది సాలమ్మ, ఇంకా కోపంగానే.

దీప కళ్లు మూసుకుని మెల్లగా చెప్పసాగింది. నాసిక్ కొండల్లో చిన్న ఊట దగ్గర బయల్దేరారు తల్లీకూతుళ్లు. మరాఠీ పల్లెల మధ్య నుంచి, నల్లరేగడి చేల అంచుల వెంట నది వెడల్పవుతూ వచ్చింది. బాసర వచ్చింది. పోచంపాడు డ్యాం దాటింది. ధర్మపురి దగ్గరకు వచ్చేసరికి దీప ఆగిపోయింది.

"గీడ నాకు కనవడ్తలేదమ్మా. పుస్తకంల పేరే ఉన్నది. ఎట్లుంటది?"

సాలమ్మ చెప్పింది. మెట్లు, మెట్ల కింద ఇసుక, ఎండాకాలం సన్నబడిన పాయలో చిన్నప్పుడు తాను కాళ్లు పెట్టుకు కూర్చోవడం, చేపపిల్లలు వేళ్లు కొరకడం. దీప అడిగిందే అడిగింది. ఇసుక రంగు, నీళ్ల చల్లదనం, అవతలి ఒడ్డు. అన్నీ తెలిశాకే నది కదిలింది. కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండల ఇరుకు, రాజమండ్రి రైలు బ్రిడ్జి. ఆ తర్వాత పాయలు పాయలుగా విడిపోయి, ఇద్దరి కళ్ల ముందూ సముద్రంలోకి జారిపోయింది.

గల్లీలో చీకటి పడింది.

"మా ధర్మపురి నీళ్లు తియ్యగుంటయి. సముద్రంల ఎంత దూరం పోయినంక ఉప్పగైతయి?" అని అడిగింది సాలమ్మ.

దీప ఆలోచించింది. "తెల్వదమ్మా. మా పుస్తకంల లేదు. పెద్ద సదువులల్ల ఉంటదేమో."

"మరి ప్యాకింగ్‌ల జేరితే గది నాకెవరు చెప్తరు?" అని కసిరింది సాలమ్మ.