పక్కింట్లో అచ్చయిన కేకు

కౌంటీ జాతరలో చాక్లెట్ కేకుల పోటీకి ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలే ఆఖరు. తొమ్మిదిన్నరకే నా కేకు చల్లారి, డబ్బాలో కూర్చుంది. మొరాయిస్తున్నదల్లా ఒక్క కాగితం.

ఈ ఏడు కొత్త నియమం పెట్టారు. కేకుతో పాటు దాన్ని ఎలా చేశామో అచ్చు కాగితం మీద ఇవ్వాలి, చేతిరాత చెల్లదు. ఉన్నన్నాళ్ళూ నేను చెబుతుంటే ఇలాంటి రాతపనులన్నీ మా ఆయన వెండెల్ చేసిపెట్టేవాడు. ఆయన పోయాక, అరవై ఆరో ఏట లైబ్రరీకి వెళ్ళి చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఈసారి లాప్‌టాప్‌లో ఒక్కో అక్షరం వెతికి నేనే కొట్టాను. రెండు రోజులు పట్టింది. అడుగున ఇర్మా హుక్‌స్ట్రా అని నా పేరు కూడా పెట్టుకున్నాను. ఆ కాగితం లేకపోతే కేకు బల్ల ఎక్కదు.

ప్రింట్ నొక్కాను. ప్రింటయిందని తెర మీద వచ్చింది. అలమర మీదున్న ప్రింటర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి కిటికీలోంచి పక్కింటి గెరిట్‌ను కేకేశాను.

గెరిట్ నలభై ఏళ్ళు డెయిరీలో పాలు పితికే మెషీన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఏ మెషీన్ అయినా ఆవులాంటిదేననీ, ముందు నిమిరి, వినకపోతే అదిలించాలనీ అతని నమ్మకం.

"వైరేదమ్మా దీనికి?" అన్నాడు ప్రింటర్ వెనక తడిమి.

"వైరు లేదు. గాల్లో పోతుంది."

"గాల్లో పోయేదాన్ని నమ్ముకున్నావా? ఇంకేం!"

ప్రింటర్ ప్లగ్ పీకి ముప్పై దాకా లెక్కపెట్టాడు. మధ్యలో నేను కాఫీ కావాలా అని అడిగితే లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ప్లగ్ పెట్టాక ప్రింటర్ మీదే ఉన్న బటన్ నొక్కితే పరీక్ష కాగితం చక్కగా బయటికొచ్చింది. లాప్‌టాప్‌ను ఆపి తెరిచాడు. అందులోంచి ప్రింటర్ పేరు తీసేసి, మళ్ళీ వెతకమన్నాడు. అది వెతికి, దొరికిందంది. అలమర మీదున్న దాని పేరే చూపించింది. గెరిట్ ప్రింట్ నొక్కాడు. ప్రింటయిందంది. మా ప్రింటర్ మౌనం.

"అదీ బాగానే ఉంది, ఇదీ బాగానే ఉంది," అన్నాడు గెరిట్ తల గోక్కుంటూ. "ఇద్దరికీ మాటల్లేవంతే. మా అన్నా నేనూ ఉన్నట్టు."

అలా ఇంకో మూడుసార్లు నొక్కాడు. గోడ గడియారం పదకొండు కొట్టింది. కేకు డబ్బా వైపు చూడాలంటేనే నాకు బాధగా ఉంది.

అప్పుడు పక్కింట్లోంచి అతని భార్య లవర్న్ అరుపు వినిపించింది.

"ఏమయ్యోయ్! మన ప్రింటర్‌కి దయ్యం పట్టింది! పెరట్లోంచి వచ్చేసరికి వంటింటి నిండా కాగితాలు కక్కి ఉంది!"

గెరిట్ లాప్‌టాప్ మీదికి వంగి, తెర మూల మీద వేలు పెట్టాడు.

"అమ్మా ఇర్మా, నువ్వు ఈ కుర్చీలో ఉన్నావు గానీ నీ లాప్‌టాప్ మా ఇంట్లో ఉంది. మా వైఫై ఇది."

జనవరిలో మంచు తుఫాను గుర్తొచ్చింది. నా ఇంటర్‌నెట్ తీగ తెగిపోతే నాలుగు రోజులు వాళ్ళ వైఫై వాడుకోమంది లవర్న్. దాని పాస్‌వర్డ్ 'నీలి రిబ్బన్ లవర్న్‌దే'. పక్కనే నిలబడి నాచేత పూర్తిగా కొట్టించింది కూడా. తీగ బాగయ్యాక నేను వెనక్కి మారడం మరిచిపోయాను. ప్రింటర్లేమో, రెండోది సగం ధరకి ఇస్తున్నారని ఇద్దరం ఒకే రోజు కొన్నాం. ఒకే రకం, ఒకే పేరు.

నీలి రిబ్బనంటే జాతరలో మొదటి బహుమతి, పదేళ్ళుగా అది మా ఇద్దరి మధ్యే తిరుగుతోంది. ఇప్పుడు నా కేకు గుట్టు ఏడు కాపీలు ఆమె వంటింట్లో పడి ఉంది.

గెరిట్ నన్ను మా ఇంటి వైఫైలోకి మార్చి, ప్రింటర్‌ను మళ్ళీ వెతికిస్తుండగా లవర్న్ వెనక తలుపులోంచి వచ్చేసింది. చేతిలో ఏడు కాగితాలు. వాటి అంచున ఆమె బొటనవేలి ముద్రలు ఎర్రగా పడి ఉన్నాయి.

"ఆ ఎరుపేంటే?" అన్నాను.

"చెర్రీలు. అది సరేగానీ, ఏమే ఇర్మా, ఇందులో క్యాబేజీ ఏదే?"

నేను కేకు డబ్బాను నా వైపు లాక్కున్నాను.

"ఏటా ఆగస్టులో పులిసిన క్యాబేజీ సీసా కొంటావు. నీకేమో క్యాబేజీ పడదు. ఎటు పోతోందే మరి? నేనేమన్నా గుడ్డిదాన్నా?"

మా ఊళ్ళో ఏదైనా ఎలా చేస్తావని అడిగితే చెప్పననకూడదు. అలాగని మొత్తం చెప్పకూడదు. ఒక్కటి మింగేసి చెప్పడమే పద్ధతి. మా అత్తగారు నాకు అలాగే నేర్పింది. కేకు ఎండిపోకుండా మెత్తగా ఉంచేది ఆ క్యాబేజీయే, నేనూ అలవాటుగా దాన్ని కాగితంలో రాయకుండా మింగేశాను.

"నియమాల కాగితం వెనక్కి తిప్పి చూశావా?"

చూడలేదు. ముందు వైపు చదివేసరికే నాకు సాయంత్రమైంది. వెనక కూడా ఉంటుందని తోచలేదు.

"నిరుడు ఎవరో బాదంపప్పు దాచారు. తిన్న జడ్జికి ఒళ్ళంతా దద్దుర్లు. అందుకని ఏ ఒక్కటి దాచినా కేకు పక్కన పడేస్తామని రాశారు. చేర్చవే, టైమవుతోంది!"

"చెప్పకుండా ఊరుకుంటే రిబ్బన్ నీదే అయ్యేదిగా."

"నీ కేకు మీద గెలవాలి గానీ, నీ కాగితం మీద గెలిస్తే ఏం మజా? కొట్టు, కొట్టు!"

పులిసిన క్యాబేజీ గుప్పెడు, కడిగి సన్నగా తరిగినది అని చేర్చాను. ఇద్దరూ చెరో భుజం మీంచి చూస్తుంటే నా వేళ్ళు అక్షరాల మీద తడబడ్డాయి. ప్రింట్ నొక్కాను. అలమర మీద ప్రింటర్ గొణిగింది, మూలిగింది, కాగితాన్ని బయటికి తోసింది. వెచ్చగా ఉంది. గెరిట్ ప్రింటర్ నెత్తిన ఆవును నిమిరినట్టు నిమిరాడు.

గెరిట్ ట్రక్కులో, నేనూ లవర్నూ చెరో కేకు ఒళ్ళో పెట్టుకుని, పన్నెండుకి పది నిమిషాలుందనగా చేరాం. బల్ల దగ్గర కూర్చున్న ఆమె నా కాగితం పైనుంచి కింద దాకా చదివి, నా పేరు కింద ముద్ర కొట్టింది.

శనివారం నీలి రిబ్బన్ లవర్న్‌కే వచ్చింది. నాది రెండోది, ఎర్రది. ఒక్కో కేకు పక్కన దాని కాగితం నిలబెట్టారు. ముందు నా పేరు చదువుకున్నాను. తర్వాత లవర్న్ కాగితం దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదవసాగాను. పిండి, పంచదార, కోకో. ఆరో వరుసలో వేలు ఆగిపోయింది.

"ఉడికించిన బీట్‌రూట్, ఒక కప్పు," అని పైకే చదివాను. "చెర్రీలన్నావు కదే!"

వెనక నుంచి లవర్న్ నా మోచెయ్యి పట్టి లాగింది.

"మెల్లగా చదవవే తల్లీ, ఊరంతా వింటున్నారు!"