పక్క సీటు

ఇరవై రెండేళ్లుగా దూరప్రయాణాల బస్సు నడుపుతున్నా, వేసవి సెలవుల్లో ఇంటివాళ్లతో కలిసి ఊరెళ్లే యోగం ఆయనకి పట్టలేదు. సెలవులొస్తే జనం ఎక్కువ, జనం ఎక్కువైతే బస్సులు ఎక్కువ, బస్సులు ఎక్కువైతే ఆయన ఇంట్లో కనబడడు. ఈ ఏడు ఎలాగో నాలుగు రోజులు వీలు చిక్కింది. సముద్రం ఒడ్డున ఉన్న వదినగారింటికి కారులో వెళ్దామనుకున్నారు. అంతా కుదిరాక పన్నెండేళ్ల కూతురు ఒక మెలిక పెట్టింది.

"నువ్వే నడిపితే అది నీకు సెలవెలా అవుతుంది నాన్నా? అమ్మ నడుపుతుంది."

ఆయన నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ దర్జీ. ఆయన రోడ్ల మీద తిరుగుతుంటే, ఈ ఆరు నెలల్లో, రోజూ పొద్దున్నే మిషను ముందు కూర్చునేలోపు వెళ్లి డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. వీధి చివరి దాకా నడపడం ఆయన చూశాడు. కానీ మూడొందల కిలోమీటర్లంటే మాటలా?

తెల్లవారగానే బయల్దేరారు. ఆయన పక్క సీట్లో, వెనక అత్తగారూ కూతురూ. ఊరు దాటకముందే ఆయన ప్రాణం గుప్పెట్లోకి వచ్చేసింది. ఎదురుగా లారీ కనబడితే చాలు, కుడికాలు దానంతటదే నేలని తొక్కేస్తోంది.

"అక్కడ బ్రేకు లేదండీ. తొక్కితొక్కి రేకుకి చిల్లు పెడతారు" అంది భార్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

వెనకనుంచి అత్తగారు ఓదార్చింది. "నేను దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను బాబూ. మీరూ ఎవర్నో ఒకర్ని తలుచుకోండి."

గంట గడిచింది. భార్య వేగం పెంచదు, తొందరపడదు, వెనకవాడు హారను కొడితే పక్కకి తప్పుకుంటుంది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు తోలుతూ కొన్ని వందలసార్లు వెళ్లిన దారే. అయినా రోడ్డు పక్కన ఇంత పెద్ద పొద్దుతిరుగుడు తోట ఉందని ఆయనకి తెలియనే తెలియదు. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగానే కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి కారు ఆగి ఉంది. ఒకపక్క నిండుగా పారుతున్న కాలవ, ఇంకోపక్క పల్లంలో పొలాలు, మధ్యలో కారు పట్టేంత గట్టు. ఎదురుగా చిన్న వంతెన కూలిపోయి ఉంది. పెద్ద రోడ్డు మీద మరమ్మతులు జరుగుతుంటే భార్య పక్కదారి పట్టింది. ఒక మలుపు తప్పింది. ఆయన్ని లేపబుద్ధి కాలేదు. ఇప్పుడు రెండొందల గజాలు వెనక్కి పోతే తప్ప దారి లేదు.

"దిగు, నేను తీస్తాను" అన్నాడాయన.

ఆవిడ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. పైపెదవి మీద చెమట. "మీరు తీయగలరు, నాకు తెలీదా? కానీ ఏడాదిలో మూడొందల రోజులు మీరు పక్కన ఉండరు కదండీ. అప్పుడెవరు తీస్తారు?"

కోపంగా అనలేదు. ఉన్న మాటే అంది. అందుకే ఆయనకి సూటిగా తగిలింది. దిగి, కారు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"రానీ... రానీ... కొంచెం కుడికి కొట్టు... ఆగాగు!"

వెనక చక్రం గట్టు అంచు తొక్కింది. మట్టిపెళ్లలు కాలవలో పడ్డాయి. గట్టిగా అరవబోయి నాలుక కరుచుకున్నాడు. కంగారుపడే క్లీనరు వెనక ఉంటే ఎంత పాత డ్రైవరుకైనా చేతులు తడబడతాయని ఆయనకి చెప్పాలా?

"ఏం పర్లేదు. జానెడు చోటుంది. ఓ బారెడు ముందుకి తీసి మళ్లీ రా."

ఇంజను ఆగిపోయింది. ఆవిడ మళ్లీ స్టార్టు చేసింది, ముందుకి తీసింది, మళ్లీ వచ్చింది. అరగంట పట్టింది. కారు నాలుగు చక్రాలూ వెడల్పు దారి మీదికి చేరాక ఆవిడ దిగి బానెట్‌ని ఆనుకుని నిలబడి, ఊరికే నవ్వింది. ఆయన ఆవిడ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు. వాటిని ఇంత తీరిగ్గా పట్టుకుని ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తు రాలేదు.

"క్లీనరు పనికి నువ్వు బాగానే పనికొస్తావు నాన్నా" అంది కూతురు కిటికీలోంచి తల బయటపెట్టి.

మధ్యాహ్నానికి వదినగారిల్లు చేరారు. భార్య మొహం కడుక్కుని, పక్కగదిలో చాప మీద అలా వాలి నిద్రపోయింది. వదినగారు మంచినీళ్లిస్తూ, "దారిలో ఏమైనా ఇబ్బంది పడ్డారా మరిదిగారూ?" అని అడిగింది.

ఆయన గొంతు తగ్గించాడు. "కాస్త నెమ్మదిగా వదినా. డ్రైవరు నిద్రపోతోంది."

తలుపు దగ్గరగా వేసి, కూతుర్ని వెంటబెట్టుకుని సముద్రం వైపు నడిచాడు.