మీసాల బొమ్మ

ఆదివారం పేపరు గేటు లోపల పడేసరికి హైమావతి ముగ్గు వేస్తున్నట్టు నటిస్తోంది. ముగ్గు ఎప్పుడో అయిపోయింది. పేపరు బండి మలుపు తిరిగేదాకా ఆగి, చేతులు చీరకు తుడుచుకుని, ఆదివారం సంచిక బయటికి లాగింది.

తన పేరు ఉంది. తన కథ ఉంది, ఒక్క వాక్యం కూడా కోసెయ్యకుండా. పైన సగం పేజీకి రంగుల బొమ్మ. కోటప్పకొండ మెట్ల మీద ఒక జంట. ఆమెకు పొడుగాటి జడ, జడనిండా పూలు. పక్కన కూర్చున్న మనిషికి దట్టమైన మీసాలు. అతని ఒళ్ళో ఆమె చెప్పులు.

హైమావతి కథలో మీసాలున్న మనిషి ఒక్కడూ లేడు.

కథలో ఇద్దరు ఆడపిల్లలు, నరసరావుపేటలో ఒకే హాస్టలు గది వాళ్ళు. సెలవునాడు కొండెక్కారు. ఒకతె గుళ్ళోకి పోయింది. రెండో అమ్మాయి క్రైస్తవుల పిల్ల. "నేను రాను గానీ నీ చెప్పులిటియ్యి, కోతులెత్తుకపోతయ్" అని మెట్ల మీదే కూలబడింది. దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆ చెప్పుల్ని పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఉంది. అది చూశాక మొదటి అమ్మాయికి తన మనసేమిటో తెలిసింది. ఆ ప్రేమకు కథలో మరో పేరు పెట్టలేదు హైమావతి. మనుషుల పేర్లు మాత్రం మార్చింది.

ఆ ఒడి ప్రిస్కిల్లాది.

హాస్టల్లో నవలలు పైకి చదివేటప్పుడు ప్రిస్కిల్లా కథానాయకుణ్ణి ఆడమనిషిని చేసి చదివేది, ఎక్కడా తడబడకుండా. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకసారి మాత్రం నవ్వు మధ్యలో పుస్తకం మూసేసి, "మనల్ని ఎవురూ రాయరే హైమా. మనమే ఇట్టా దొంగగా దూరాల" అంది.

ప్రిస్కిల్లా హైమావతి పెళ్ళికి వచ్చింది. "మీ ఆయనకు నన్నేమని చెప్పావే?" అని చెవిలో అడిగింది.

"స్నేహితురాలని."

"ఊఁ. మంచి మాటేలే."

గ్రూపు ఫొటోలో చివర నిలబడి, భోజనం చెయ్యకుండా బస్సెక్కింది. మాచర్లలో టీచరైందని, పెళ్ళి చేసుకోలేదని, ఈ పేపరు విడవకుండా చదువుతుందని పాత స్నేహితురాళ్ళు అనుకుంటుంటే హైమావతి విన్నది. అందుకే ఈ పేపరుకే పంపింది. ఒక్క మనిషి చదవాలని రాసిన కథ అది. ఇప్పుడు ఆ మనిషి ఈ బొమ్మను చూస్తుంది. చివరికి నాకు మీసాలు పెట్టి దాచిందే అనుకుంటుంది. పేజీ తిప్పేస్తుంది.

ఊరివాళ్ళకు చెప్పాల్సిన జవాబులు హైమావతి నెలరోజులుగా కూడబెట్టుకుంది. ఒక్కటీ అక్కర్లేకపోయింది.

"ఏమే హైమా, ఈ మీసాలాయన మీ ఆయనేనా?" అంటూ వచ్చింది పక్కింటి హనుమాయమ్మ. "చెప్పులు మోస్తన్నాడే! మా ఆయన కూరగాయల సంచి కూడా పట్టుకోడు."

"కథ చదివావా పిన్నీ?"

"చదవకేం? చానా బాగుంది. కళ్ళనీళ్ళొచ్చినయ్."

"ఆఖర్న ఏమైంది?"

"ఏమైద్ది? పెళ్ళయ్యుంటది" అని హనుమాయమ్మ పెరుగు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

భర్త సాంబశివరావు సంతోషం పట్టలేకపోయాడు. పేపర్లో ఆయన చూసేది గళ్ళు నింపే పదకేళి ఒక్కటే. కథలు చదివే అలవాటు లేదు. బొమ్మ చూసి, "కొత్తలో మనం కొండకు పోయింది రాశావా? నాకు మీసాలు మరీ ఎక్కువేశాడే" అని మురిసిపోయాడు. ఆ పేజీని తీసుకెళ్ళి తన పురుగుమందుల కొట్లో బల్ల అద్దం కింద పెట్టాడు. నాదెండ్ల నుంచి వచ్చిన రైతులకు మందు కొట్టే పద్ధతి చెబుతూ మధ్యలో బొమ్మ చూపించేవాడట.

భయపడ్డది ఏదీ జరగలేదు. గుండె తేలికపడాల్సింది. కానీ అన్నం సయించలేదు.

బుధవారం ఆయన కొట్టుకు వెళ్ళాక పేపరాఫీసుకు ఫోన్ చేసింది. సబ్‌ఎడిటర్ కుర్రవాడి గొంతు మర్యాదగా ఉంది.

"ఆర్టిస్టుకి కథంతా పంపం మేడమ్. రెండు లైన్లు వాట్సాప్‌లో పెడతాం. ప్రేమికులు, కొండ మెట్లు, ఒళ్ళో చెప్పులు అని పెట్టాను. ఆయనకు తోచింది ఆయన వేశాడు."

"మీరు చదివారా?"

"చదివే కదా మేడమ్ తీసుకున్నది. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ మీకు మేలే చేసింది. తిడుతూ ఒక్క ఫోనూ రాలేదు."

"అదేనండీ నా బాధ" అంది హైమావతి. "సవరణ వేస్తారా?"

"ఏమని వెయ్యాలి?"

ఆమె ఆ మాటల్ని గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఎన్నిసార్లు సరిచేసుకుందో. "బొమ్మలో పురుషుడు పొరపాటున వచ్చాడు. కథలో ప్రేమించుకున్నది ఇద్దరు స్త్రీలు. అంతే. మా ఊరి పేరు, నా పేరు తియ్యకండి."

"అప్పుడు అందరూ కథ వెతుక్కుని చదువుతారు మేడమ్. పదకేళి జవాబుల పక్కన తప్ప చోటు కూడా లేదు."

పదకేళి జవాబులు ఈ ఇంట్లో ఎవరు చూస్తారో ఆమెకు తెలుసు.

"అక్కడే వెయ్యండి" అంది.

ఆ ఆదివారం సాంబశివరావు పెన్ను పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. జవాబులు సరిచూసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. పెన్ను మూత పెట్టాడు. సెలవైనా స్కూటరు తీసుకుని కొట్టుకు పోయి, అద్దం కింది పేజీ తెచ్చుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు. హైమావతి వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తూ, పేజీ మడత చప్పుడు వింటూ ఉంది.

చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చాడు.

"మన పెళ్ళి ఫొటోలో చివరున్నామెనా?"

"ఆఁ."

"పేరేంది?"

"ప్రిస్కిల్లా."

ఆ పేరు ఆ ఇంట్లో పైకి పలకడం అదే మొదలు. ఆయన గడప వంక చూస్తూ నిలబడ్డాడు. తిడతాడనుకుంది. ఏమీ అనకుండా పోతాడనుకుంది.

"ఇయ్యాల్టి పేపరు ఆమె చూసుంటదా?" అన్నాడు.

"తెలియదండీ."

"ఊఁ. అన్నం పెట్టు."

పక్కన భార్య లేకుండా ముద్ద ఎత్తని మనిషి, ఆ పూట కంచం తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. హైమావతి వంటింటి గట్టు దగ్గర నిలబడే తింది, ఫోను కనపడేటట్టు.