అంచున పోయిన మాట

పొద్దున తొమ్మిదింటికి బావమరిది షట్టర్ ఎత్తుతాడు, బావ బల్ల తుడుస్తాడు. పన్నెండేళ్లుగా ఆ మరమ్మతుల కొట్టు ఇలాగే తెరుచుకుంటోంది. తుడుస్తూ తుడుస్తూ బావ నిన్నటి స్క్రూలను మూతలో మరోసారి లెక్కపెట్టుకుంటాడు. అనుమానం ఆయనకు టీ లాంటిది, పొద్దున్నే పడకపోతే తలనొప్పి. ఎదురుగా కొత్త షోరూం తెరిచినప్పటి నుంచి మోతాదు పెరిగింది. బావమరిది ఫోను మోగితే బయటికెళ్లి మాట్లాడుతున్నాడు మరి.

"ఎవరోయ్?"

"రాంగ్ నంబరు బావా."

"రాంగ్ నంబరుతో పావుగంటా?"

"చాలా రాంగ్ నంబరు."

ఆ రోజు పని కళ్లజోళ్ల దుకాణానిది. అద్దాల బీరువా ముందు గాజుమీద అక్షరాలు నడవాలట, వెనకున్న జోళ్లూ కనబడాలట. జోడు పెట్టుకున్నవాడు అన్నీ చూస్తాడని ఎవరు చెప్పారో గాని, నాకు తెలిసిన వాళ్లంతా జోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికినవాళ్లే. అది వేరే సంగతి. ఇద్దరూ ఒక పాత మానిటర్ ముందేసుకున్నారు. వెనక మూత, రేకు చట్రం, పాలరంగు పొరలు మూడు, వెలుగు పలక, అన్నీ తీసేస్తే మిగిలేది పల్చటి గాజు. దానిమీద తెల్లగా ఉన్నదల్లా మాయమైపోతుంది, నల్లటిదే కనబడుతుంది.

"అంచు దగ్గర అక్షరాలు నడిపే తీగల పట్టీ ఉంది, మెల్లగా బావా. పోనీ నేను తీస్తాను."

"నీ చేతికిస్తే తిరిగొస్తుందా? జరుగు."

స్క్రూడ్రైవర్ జారింది. కుడి అంచున నాలుగు వేళ్ల మేర గాజు ఉత్త గాజైపోయింది, అక్కడ ఏ అక్షరమూ పడదు.

"ముందే పోయుంటుంది," అన్నాడు బావ.

బావమరిది కిందపడ్డ స్క్రూడ్రైవర్ తీసి బల్లమీద పెట్టాడు.

గాజును బల్లమీద నిలబెట్టి కరెంటిచ్చారు. అవతల నిలబడ్డ మనిషి మింగేసిన మాటలు, ఆ మనిషి ఎటుంటే అటు, నల్లగా తేలసాగాయి. దానికెవరూ పని ఆపలేదు. రేడియో కోసం వచ్చిన మాస్టారు అవతల నిలబడి "బాగా చేశావు నాయనా" అన్నారు. గాజుమీద "పోయినసారీ ఇదే గరగర" అని పడింది.

"మళ్లీ విప్పమంటారా మాస్టారూ?"

"విప్పు మరి," అని ఆయన కుర్చీ లాక్కున్నారు.

తర్వాత బావమరిది వెలుగు కోసం దీపం పెట్టడానికి గాజు వెనక్కి వెళ్లాడు. ప్లగ్గు కోసం ఆ చెడ్డ అంచు పక్కనే వంగున్నాడు. బావ ఇటునుంచి చదివాడు: "నాకా షోరూంకి వెళ్లాలని".

ఇన్నాళ్ల అనుమానానికి అక్షరాలొచ్చాయి.

"తాళంచెవి బల్లమీద పెట్టేసెయ్."

"ఎందుకు బావా?"

"రాంగ్ నంబరునడుగు. రేపట్నుంచి ఎదురుగానే కదా నీ కుర్చీ."

బావమరిది ఉన్నచోటే లేచాడు. వాళ్లు పిలిచింది నిజమే, ఆ సంగతి దాచిందీ నిజమే. తాళంచెవిని గుత్తిలోంచి తీసి బల్లమీద పెట్టాడు. పన్నెండేళ్ల తాళంచెవి, అరిగి సగమైంది.

అప్పుడే బావ భార్య టీ పట్టుకొచ్చింది. బల్లమీద తాళంచెవి చూసింది, మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"స్తంభంలా నిలబడ్డావేంరా? జరుగు, టీ కాలుతోంది."

తమ్ముడు గాజు వెనకే, బావకు ఎడమవైపుగా రెండడుగులు జరిగాడు. అక్షరాలూ అతనితో జరిగాయి. అంచున ఇందాక పడని మాట ఇప్పుడు పడింది: "నాకా షోరూంకి వెళ్లాలని లేదు".

బావ రెండుసార్లు చదివాడు. చదువుకున్న మనిషే, "లేదు" అనే మాట ఎప్పుడూ చివరనే వస్తుందని తెలియనివాడు కాదు. నోరు తెరిచాడు, మూశాడు.

అటువైపు నుంచి బావమరిది గాజులోకి వంగి చూశాడు. అటునుంచి చూస్తే ఆ చెడ్డ అంచు ఎడమకొస్తుంది, మొదటి మాటను మింగేస్తుంది.

"'తప్పు' అని పడింది. ఎవరిది బావా?"

బావ తాళంచెవిని తీసుకుని గాజు మీదుగా అతనికి అందించాడు. తర్వాత, ఆ మొదటి మాట కూడా అటుపక్కకు కనబడేలా, ఒక అడుగు జరిగి నిలబడ్డాడు.