కుందేలు కీచు

తుంటికి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదట పెరట్లోకి చూశాను. చెక్క గూడు ఖాళీగా ఉంది. లోపలి గడ్డి ఊడ్చేశారు. జాలీ తలుపు గాలికి కొట్టుకుంటోంది.

టింకర్ చచ్చిపోయిందనుకున్నాను. తర్వాత జరిగింది చూశాక, చచ్చిపోయి ఉంటేనే బాగుండేదని ఇప్పుడు అంటున్నాను.

అది వంటింట్లో ఉంది. పొయ్యి పక్కన కొత్త ఇనప బోనులో, నా పాత స్వెట్టర్ మీద చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది. మగ ఫెరెట్. ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఒళ్ళంతా తెలుపు, కళ్ళు ఎరుపు. బొరియల్లో దూరి కుందేళ్ళని బయటి వలల్లోకి తరమడంలో ఈ లోయలో దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. అలాంటిది పొయ్యి పక్కన పిల్లిలా పడుకుంది.

లోపలికి తెచ్చింది అల్లుడు కెల్విన్. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు గూట్లో నీళ్ళ సీసా గడ్డకట్టిందట. తెల్లారి చూస్తే పాపం వణికిపోతోందట. ఫెరెట్ నిద్ర లేచినప్పుడల్లా వణుకుతుంది. ఒళ్ళు వేడెక్కడానికి వణుకుతుంది, చలికి కాదు. ఆ మాట చెప్పాను. అతను నవ్వి, ఈ రోజుల్లో అందరూ వీటిని ఇళ్ళలోనే పెంచుతున్నారనీ, మూల ఇసుక పళ్ళెం పెడితే అందులోనే దొడ్డికి పోతాయనీ చెప్పాడు. గిడ్డంగిలో లారీలకు సరుకెత్తే మనిషి. మెత్తని మనసు. ఆ మెత్తదనమే నాకు భయం.

వేటకు వాడే జంతువు బయట ఉండాలి. మా నాన్న బయటే పెంచాడు, నేనూ బయటే పెంచాను. నా భార్య హిల్డా ఉన్నన్నాళ్ళూ వెనక గుమ్మం దాటి ఒక్క ఫెరెట్‌నీ లోపలికి రానివ్వలేదు. హిల్డా పోయింది. దాంతో నా ఇల్లూ పోయింది. ఈ ఇల్లు కూతురిది, అల్లుడిది. నాదంటూ ఉన్నది ముందు గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, నడవడానికి ఒక వాకర్. ఏది లోపల ఉండాలో ఏది బయట ఉండాలో చెప్పే మాట నాది కాదు.

అప్పటికి నా కూతురు జనీన్‌కి ఎనిమిదో నెల. పసిపాప వచ్చే ఇంట్లో అది వద్దని ఇద్దరికీ చెప్పాను. జనీన్ నడుం పట్టుకుని నా కేసి చూసింది. తను పుట్టినప్పుడూ నేను ఏదో ఒకటి వద్దంటూనే ఉండి ఉంటాననీ, అమ్మ ఎలా వేగిందో తెలియదనీ అంది.

ఆ వారంలో నార్మన్ వచ్చాడు. గని మూతపడక ముందు నాతో ఒకే షిఫ్టు చేసినవాడు. ఇప్పటికీ నా వలలతోనే వేటకు వెళ్తాడు. వాడైనా నా వైపు మాట్లాడతాడనుకున్నాను. చలికాలమంతా వాడి ఫెరెట్లూ వంటింటి వెనక గదిలోనే ఉంటాయట.

"ఒరే ఎల్లిస్, నిన్ను ఇంట్లో పెట్టుకున్నోళ్ళు దాన్ని పెట్టుకోరా? మీ ఇద్దర్లో కంపు తక్కువ కొట్టేది అదే," అన్నాడు.

కెల్విన్ పగలబడి నవ్వాడు. జనీన్ కూడా నవ్వింది. నార్మన్ ఇంట్లో చంటిపిల్ల లేదు. ఆ సంగతి నేను అన్నాను, ఎవరూ వినలేదు.

పాప నెల ముందే పుట్టింది. పేరు ఐవీ అని పెట్టారు. ఇంటికి తెచ్చినప్పుడు నా అరచేతి కన్నా కొంచెమే పెద్దగా కనిపించింది. జనీన్ దాన్ని దుప్పట్లో చుట్టి వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. నేను బల్ల దగ్గర టీ తాగుతున్నాను. అప్పుడు పాప ఏడ్చింది.

నెలలు నిండని గొంతు. సన్నగా, ఎత్తుగా, చివర తెగినట్టు ఉంది.

బోనులో టింకర్ లేచింది. అంత గాఢ నిద్రలోంచి ఒక్క ఊపున లేచి తలుపు దగ్గరికి వచ్చింది. ఊచల మధ్య ముక్కు పెట్టి గాలి పీల్చింది. పాప మళ్ళీ ఏడ్చింది. అది పంజాలతో తలుపు గీరింది.

కప్పు బల్ల మీద పెట్టేశాను.

ఇక్కడ వేటకు వెళ్ళే ప్రతివాడూ ఒక పని చేస్తాడు. పెదాలు తడి చేసుకుని, చేతి వెనక చర్మానికి ఆనించి, గాలి లోపలికి లాగుతాడు. కీచుమని చప్పుడు వస్తుంది. పట్టుబడిన కుందేలు చచ్చే ముందు చేసే చప్పుడు. కళ్ళు తెరిచిన రోజు నుంచీ ఫెరెట్‌కి తిండి పెట్టే ముందు ఆ కీచు వినిపిస్తాం. ఎందుకంటే ఒక్కోసారి అది బొరియలో కుందేల్ని చంపి, తిని, అక్కడే పడుకుంటుంది. పిలిస్తే రాదు. తవ్వినా దొరకదు. ఆ కీచు వింటే మాత్రం, ఎంత లోతున ఉన్నా, తిండి ఉందనుకుని పైకి వస్తుంది. టింకర్‌కి వేరే పిలుపు తెలియదు. ఈల వేస్తే చెవి కూడా కదపదు.

కెల్విన్ మాత్రం మురిసిపోతున్నాడు. "చూశావా జనీన్? పాప ఏడిస్తే ఉండలేకపోతోంది. అన్నయ్య అయ్యాడు మన టింకర్," అన్నాడు.

ఆ జంతువు లేచింది తిండి కోసమని చెప్పాను. కీచు సంగతి మొత్తం చెప్పాను. జనీన్ మొహం మెల్లగా బిగిసింది.

"నా కూతురి ఏడుపు చచ్చే కుందేలు అరుపులా ఉందా నాన్నా?"

"ఉంది."

ఆ తర్వాత కొన్నాళ్ళు టీ తెచ్చి పెట్టేది, కప్పు తీసుకెళ్ళేది, అంతే.

దాన్ని తిరిగి గూట్లో పెట్టమని కెల్విన్‌ని అడిగాను. మంచు కరిగాక చూద్దామన్నాడు. బోనుకు గట్టి గడియ ఉందన్నాడు. జంతువులున్న ఇంట్లో పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతారని ఎక్కడో చదివాడట. పాపను చూడ్డానికి వచ్చిన నర్సు కూడా ఊచల్లోంచి దాని తల నిమిరి, ముద్దుగా ఉందని వెళ్ళింది.

నేను వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. కాళ్ళు లాగినా, కూర్చున్న చోట తుంటి మండినా అక్కడే. గడియ వేసి ఉందో లేదో వేలితో తడిమి చూసుకునేవాణ్ణి. అలా కూర్చున్నప్పుడే చూశాను.

పాప పైగదిలో ఏడుస్తుంది. కెల్విన్ పరుగున దిగి పాలసీసా వేడి నీళ్ళలో పెడతాడు. అది వేడెక్కేలోపు ఖాళీ చేతులతో నిలబడలేక, ఫ్రిజ్‌లోంచి మాంసం ముక్క తీసి టింకర్‌కి వేస్తాడు. ప్రతిసారీ అంతే. ఏడుపు, ఆ వెంటనే మాంసం. నేను నేర్పినదాన్ని అతను రోజూ వల్లె వేయిస్తున్నాడు. పాప గొంతుతో.

అలా వెయ్యొద్దని చెప్పాను. అదీ ఇంట్లో మనిషే కదా, ఒకళ్ళకి పెట్టి ఒకళ్ళకి పెట్టకపోతే ఎలా అన్నాడు.

ఇక అప్పటినుంచి పాప ఏడ్చినప్పుడల్లా టింకర్ ఊచల దగ్గర నిలబడి పైకి చూసేది. మునుపు గొంతు ఎటు నుంచి వస్తోందో వెతుక్కునేది. ఇప్పుడు వెతకడం లేదు. మెట్ల తలుపు కేసే చూస్తోంది.

ఒకరోజు మధ్యాహ్నం. జనీన్ మందుల షాపుకు వెళ్ళింది. కెల్విన్‌కి సెలవు. పాప పైన బుట్టలో నిద్రపోతోంది. ఆ పేముబుట్టను మంచం పక్కన నేల మీదే పెడతారు. నేను తిని, ముందు గదిలో కుర్చీలో ఒరిగాను. వెనక సందులోంచి కెల్విన్ రేడియో వినిపిస్తోంది. పక్కింటివాడితో కలిసి వాడి కారు బాగు చేస్తున్నాడు.

టింకర్‌ని కాసేపు కాళ్ళు చాపుకోనిద్దామని వంటింట్లో వదిలేసి వెళ్ళాడని నాకు తెలియదు. అప్పుడప్పుడూ అలా వదులుతాడు, మెట్ల తలుపు మూసి. ఆ రోజు తలుపు మూయలేదు. మూస్తే పాప ఏడుపు తనకు వినబడదని.

పాప ఏడ్చింది. నేను కళ్ళు తెరిచాను. ఏడుపు కింద ఇంకో చప్పుడు వినబడింది. చెక్క మీద గోళ్ళు. టకటకా, ఆగకుండా, పైకి.

కెల్విన్‌ని పిలిచాను. గొంతు చించుకుని పిలిచాను. రేడియోలో ఎవడో ఫుట్‌బాల్ గురించి అరుస్తున్నాడు.

వాకర్ మెట్లెక్కదు. దాన్ని కిందే వదిలేసి మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నాను. మంచి కాలు పైకి, రెండో కాలు ఈడ్చుకుంటూ. తుంటిలో కుట్లు వేసిన చోట కత్తి దిగినట్టుంది. కొన్ని మెట్లు ఎక్కేసరికి కాలు వంగిపోయింది. మెట్ల మీదే బోర్లా పడ్డాను. పైన పాప ఏడుపు ఆగి, మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా సన్నగా.

చేతి వెనక భాగం నోటికి ఆనించుకుని పీల్చాను. చప్పుడు రాలేదు. భయానికి నోరు ఎండిపోయింది. పెదాలు అట్టముక్కల్లా ఉన్నాయి. నాలుకతో తడపబోతే నాలుకే పొడి. యాభై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం చేసిన చప్పుడు, కావలసిన వేళకు రాలేదు. చెంప లోపల కొరికాను. రక్తం వచ్చింది. దాంతో పెదాలు తడుపుకుని మళ్ళీ పీల్చాను.

కీచుమంది.

పై మెట్టు మీద తెల్లటి తల కనిపించింది. ఎర్రటి కళ్ళు నన్ను చూశాయి. వెనక పాప ఏడ్చింది. తల తిరిగి మాయమైంది.

మళ్ళీ కీచుమనిపించాను. ఊపిరి ఆపకుండా, ఒకదాని వెనక ఒకటి, పాప కన్నా గట్టిగా. వచ్చింది. ఒళ్ళు వంచుకుంటూ ఒక్కో మెట్టూ దిగి నా మొహం దగ్గర ఆగింది. ముక్కుతో వాసన చూసింది. మాంసం కావాలి దానికి. నా దగ్గర లేదు. లేకపోతే వెనక్కి పోతుంది. రెండో పిలుపు పైనుంచి వస్తూనే ఉంది.

చెయ్యి ముందుకు చాపి దాని మూతి ముందు వేళ్ళు కదిపాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పట్టుకుంది. పళ్ళు రెండు వైపుల నుంచీ దిగి మధ్యలో కలిశాయి. నేను లాక్కోలేదు. లాక్కుంటే ఊడి పడి పైకి పరుగెడుతుంది. రెండో చేత్తో దాన్ని గుండెకు అదుముకున్నాను. అది పట్టు వదలకుండా నమలడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టూ కూర్చుని జారుతూ దిగాను.

కెల్విన్ వంటింటి తలుపు దగ్గర నూనె చేతులతో నిలబడి ఉన్నాడు. నా చొక్కా చూశాడు. మెట్ల మీద రక్తం చూశాడు.

"ఎవరిది?" అన్నాడు.

"నాది. పైకెళ్ళు."

అతను పైకి పరుగెత్తాడు. ఆ తర్వాత పాపను ఎత్తుకుని దిగాడు. పాపకు ఎక్కడా గీత పడలేదు. ఒళ్ళంతా విప్పి వెతికాడు. బుట్ట అంచు మీది నుంచి దుప్పటి సగం బయటికి లాగేసి ఉందట. దాని కొస తడిగా ఉందట. పాలు ఒలికి ఉంటాయి అన్నాడు. నా కేసి చూస్తూ అన్నాడు.

టింకర్‌ని చన్నీళ్ళ కుళాయి కింద పెడితే గానీ నా చెయ్యి వదల్లేదు. దాన్ని పెరట్లో చెక్క గూట్లో వేసి గడియ పెట్టాను.

జనీన్ వచ్చాక పాపను కెల్విన్ చేతుల్లోంచి లాక్కుంది. నేను కుట్లు వేయించుకుని తిరిగి వచ్చేదాకా దించలేదు.

"అది నా బిడ్డని కొరికేదా నాన్నా?"

"తెలీదు. తిండి పెడతారని వెళ్ళింది."

"నువ్వు నేర్పిందే కదా."

"పొలంలో రమ్మని నేర్పాను. ఇంట్లోకి తెచ్చింది మీరు."

అది ఈ ఇంట్లో గానీ పెరట్లో గానీ ఉండకూడదని జనీన్ అంది. నార్మన్‌కి కబురు పెట్టాను. వచ్చాడు. నా చేతి కట్టు చూసి ఈసారి హాస్యం ఆడలేదు. టింకర్‌ని చెక్కపెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. నీకెప్పుడు కావాలంటే అప్పుడు తెస్తానన్నాడు. ఆ జంతువు తప్పేమీ చెయ్యలేదని చెప్పాను. తెలుసన్నాడు.

కెల్విన్ ముందు గదిలోకి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. తలుపు తెరిచి పెట్టింది పాప కోసమేనని చెప్పాడు. తనకు తెలియలేదన్నాడు. క్షమించమన్నాడు. నేను అతనికి తెలియజెప్పాను, ఒకసారి కాదు. ఆ మాటే అన్నాను. క్షమించానని మాత్రం అనలేదు.

ఇప్పుడు మంచు కరిగింది. ఇంట్లో బోను లేదు, పెరట్లో గూడూ లేదు. రెంటినీ అతనే విరిచి చెత్తలో పారేశాడు. అయినా పాప పైన నిద్రపోతున్నంతసేపూ కెల్విన్ పై మెట్టు మీద కూర్చుంటాడు. టీ అక్కడికే తీసుకెళ్తాడు. రేడియో పెట్టడు. పాప ఏడిస్తే, లేచే ముందు ఒక్క క్షణం మెట్ల కిందికి చూస్తాడు.

దిగి రమ్మని నేను చెప్పలేదు.