బంగారపుటతుకు

హేమంతాంతమున నొకనాటి ప్రాతఃకాలంబున తూర్పుసముద్రముపై నుండి వీచు శీతలపవనము సరుగుడుతోపుల తలలూపుచు ఉప్పుమళ్లపై గప్పిన మంచుతెరను మెల్లమెల్లగ దొలగించుచుండగా తీరము మొదలుకొని వాయుకర్మాగారము దనుక నడుమెత్తు దిమ్మెలపై బరచిన క్రొత్త యుక్కుగొట్టము బాలభానుకిరణస్పర్శచే దామ్రవర్ణంబు దాల్చి మెఱయుచుండెను. ఆ గొట్టపు నాణ్యతను బరీక్షించు ఇంజనీరు సత్యవేణి మాత్రము ఆ శోభను జూడక తన రేకులగదిలో దలవంచుకొని కూర్చుండియుండెను.

గొట్టమును నీటితో నింపి మిక్కిలి యొత్తిడి గల్పించి అతుకులన్నిటిని శోధించుట ఆ వృత్తియందలి నియమము. కాని యట్లు శోధింపబడిన రెండు ఖండములను గలుపు కడపటి యతుకునకు నీటిపరీక్ష చేయ వీలుపడదు. ఎక్స్‌రే ఫిలిమును వెల్డరు చేతిమీది నమ్మకమును దప్ప దానికి వేఱొక యాధారము లేదు. దానినే పనివారలు బంగారపుటతుకందురు. అందఱలో నాఱితేఱిన పెద్దకు దాని నప్పగించి ఆతని గుర్తుసంఖ్యను తెల్లరంగుతో దానిచెంత వ్రాయుట వారి యాచారము. ఈ మాఱు ఆ గౌరవము నూకరాజునకు దక్కెను. దానితో పని చాలించుకొందునని యాతడు అందఱతో సంబరముగ జెప్పుకొనెను.

నూకరాజు సత్యవేణికి మేనమామ. పడవమునకలో దండ్రిని గోల్పోయిన పసిదానిని భుజములపై మోసి పెంచి నిప్పురవ్వల యెదుట కన్నులు మాడ్చుకొని యామెను జదివించినవాడు. ఎందఱధికారులు చుట్టునున్నను ఆమెను అమ్మడూ యని పిలుచుట మానలేదు. ఆమెకును ఆ పిలుపు ప్రాణము.

ఇప్పుడా బంగారపుటతుకు ఫిలిము వెలుగుపెట్టెపై నుండెను. అతుకడుగున నుక్కు నుక్కుతో గలియని చోట నొక నల్లని గీత స్పష్టముగ గానవచ్చుచుండెను. ప్రాజెక్టు మేనేజరు శేషగిరి దానిని జూచి నిట్టూర్చి యిట్లనియె.

“రేపు గ్యాసు వదలాలమ్మా. ఒకసారి రిపేరు చెయ్యనివ్వడం రూల్లోనే ఉందిగా. మీ మావయ్యగారి చేతే చేయించెయ్యండి.”

ఆ మాటతో సత్యవేణికి బోయిన ప్రాణము లేచివచ్చెను. వెంటనే మామను బిలిపించెను.

“అడుగున ఎక్కడ కలవలేదో చూడు మావయ్యా.”

ఆతడు వెలుగుపెట్టెపైకి వంగెను. ఎదుటనే యున్న గీతను దాటి యాతని చూపు అటునిటు దడుముకొనుచుండుట యామె గనిపెట్టెను. ఎన్నడును జేయరాదని తోచిన పని నాక్షణమున జేసెను. ఫిలిమును దీసివేసి వట్టి వెలుగును మాత్రము నిలిపి “ఇప్పుడు?” అని యడిగెను.

“ఆఁ, ఇప్పుడు కనిపిత్తందే! సన్నగా గీత. దానికేటమ్మడూ, ఒక్క గంటలో సరిసేసేత్తాను.”

శేషగిరి ముఖము ద్రిప్పుకొనెను. ఖాళీపెట్టెపై గీతను జూచితినని బొంకుచున్న యా వృద్ధుడు సత్యవేణికి అక్షరములు దిద్దించినవాడు. ఎంత కాలముగ రవ్వల చప్పుడును జేతియలవాటును నమ్ముకొని పనిచేయుచుండెనో తా నేల గుర్తింపకపోతినని యామె లోలోన గుమిలిపోయెను. తుదకు ఫిలిమును ఆతని చేతిలో నుంచెను. ఆతడు దానిని వ్రేళ్లతో దడవి సంగతి గ్రహించి మెల్లగ నిట్లనియె.

“సెయ్యి మర్సిపోదే అమ్మడూ. ఒక్కసారియ్యే. నా నెంబరు దాని పక్కనుండిపోవాలని ఆశే, అంతే.”

గొట్టము పోవు దారిలో నెన్ని యిండ్లున్నవో యామె యెఱుగును. పొయ్యిచెంత గూర్చుండు తల్లులను దలచుకొనెను.

“ఇవ్వలేను మావయ్యా.”

అతుకును గోసివేయవలెననియు నూకరాజు ఇకపై వెల్డింగు చేయరాదనియు వ్రాసి సంతకము చేయునపుడు ఆమె కన్నీరు కాగితముపై బడెను. ఆతడు తోలుచేతితొడుగులను దీసి మడిచి బల్లపై నుంచెను.

“మరి నేనెల్లొత్తానండి, మేడంగారూ.”

ఆ మాటలో గోపము లేదు. కోపమైనను ఉండిన బాగుండునని యామె యేడ్చెను.

వెలుపల వేఱొక వెల్డరు అతుకు కోతకు సిద్ధముగ నిలిచి యామె యానతికై యెదురుచూచుచుండెను. పని విడిచి మామ వెంట బరుగెత్తుటకు వీలులేక యామె యచ్చటనే నిలువబడి చూచెను. నూకరాజు గొట్టముపై జేయి యానించి దానినే దారిగ జేసికొని సముద్రమువైపు నడచుచుండెను. తా వేసిన యతుకు తగిలినపు డెల్ల ఆ వ్రేళ్లు క్షణమాత్రమాగి దానిని నిమిరి మరల సాగుచుండెను. ఉప్పుమళ్ల యంచున గొట్టము భూమిలోనికి దిగెను. అచ్చట ఆ చేయి యూత గానక గాలిలో నట్లే చాచి నిలిచిపోయెను.